కొండవీధి కొలబిందె

నేను ఒక నీలం రంగు ప్లాస్టిక్ బిందెను. నాకు గొప్ప వంశమేమీ లేదు. విరిగిన కుర్చీలు, తెగిన చెప్పులు, మూతలు పోయిన డబ్బాలు కలిపి కరిగిస్తే పుట్టాను. అందుకే నా నీలంలో అక్కడక్కడా ఎర్రచారలు కనిపిస్తాయి. మొదట నన్ను కొన్నది ఒక పెళ్లిళ్ల వంటమేస్త్రి. ఆయన దగ్గర ఉన్నన్నాళ్లూ మజ్జిగ, పానకం మోస్తూ దర్జాగా బతికాను. ఒక పెళ్లిలో ఎవరో నన్ను తన్నుకుని పడడంతో నా అంచు చిట్లింది. వెంటనే మేస్త్రికి దానగుణం పుట్టుకొచ్చి, తన దగ్గరికి పనికి వచ్చే వరహాలమ్మకు నన్ను ఇచ్చేశాడు. మనుషులు దానం చేసే వస్తువుల్లో ఎక్కడో ఒకచోట ఒక చిట్లు ఉంటుంది. ఆ మాటకు నేనే సాక్షిని.

వరహాలమ్మది కొండవీధి. పట్టణం చివర, పేరుకు తగ్గట్టే ఎత్తు మీద ఉంటుంది. వీధి మొదట్లో ఆమె ఇడ్లీ బండి. వీధి మొత్తానికి ఒకటే కుళాయి. మనుషులు ఇళ్లల్లో పనులు చూసుకుంటుంటే కుళాయి ముందు వాళ్ల వంతు కాసేది మేము, అంటే బిందెలం. నిండు కుండ తొణకదంటారు. నిజమో కాదో మాకు తెలియదు, మా వీధిలో నిండిన కుండ ఎవరు చూశారు గనక. కుళాయి నుంచి వచ్చేది దారం అంత ధార. పప్పు నానబెట్టడానికి, రుబ్బడానికి, పాత్రలు కడగడానికి ఆ ధార ఏమూలకూ చాలేది కాదు.

"ఈ ఎండాకాలం గూడా ఇలగే ఉంటే బండి ఎత్తీడమే," అనేది వరహాలమ్మ. ఆ బండి ఎత్తేస్తే ఆమెకు వేరే బతుకుతెరువు లేదు.

ఇంతలో మునిసిపాలిటీకి కొత్త చైర్‌పర్సన్‌ వచ్చింది. పేరు రౌతు హేమలత. కాలేజీలో లెక్కలు చెప్పి వచ్చిన మనిషి. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల వీధికి పైపు వేసే పాత అలవాటు ఆమెకు నచ్చలేదు. తన గదిలో గోడకు పెద్ద తెర పెట్టించింది. నీళ్లు రాలేదని ఎవరైనా ఫోన్ చేస్తే తెర మీద ఆ వీధి ఎర్రబడుతుంది. ఎర్రవీధులకు ముందు పైపులు, పచ్చవీధులకు తర్వాత. మంచి పద్ధతే. పలుకుబడి లేని పేటలు చాలా వాటికి అలాగే నీళ్లొచ్చాయి.

కొండవీధి మాత్రం తెర మీద పచ్చగా నిగనిగలాడేది. ఒక్క ఫిర్యాదు కూడా లేదు మరి.

అడగందే అమ్మయినా పెట్టదని మా వీధివాళ్లకు తెలియక కాదు. కుళాయిలు చూసుకునే మునిసిపల్ ఫిట్టరు సన్యాసిరావు సాక్షాత్తూ వరహాలమ్మ అల్లుడు. ఫోన్ చేస్తే ఫిర్యాదు అతని పేరు మీద పడుతుందట, పై నుంచి నోటీసు వస్తుందట. కొండవీధిలో ఒకరి అల్లుడంటే వీధికంతా అల్లుడే. గొంతులెండినా సరే అల్లుడికి నోటీసు ఇప్పిస్తామా అని అందరూ నోరు మూసుకున్నారు. నిజానికి తప్పు అతనిది కాదు. కిందనున్న పాత ట్యాంకు నీళ్లకు ఈ ఎత్తు ఎక్కే సత్తువ లేదు. పాపం అతను అత్తవారింటికి వస్తే మంచినీళ్లు అడగడానికి కూడా మొహమాటపడేవాడు.

ఆ పచ్చరంగు చూసి హేమలత మురిసిపోయింది. పట్టణానికంతా ఆదర్శమని కొండవీధికి సన్మానం పెట్టింది. షామియానా వేశారు. సన్యాసిరావుకు శాలువా కప్పారు. ఆ ఎండలో శాలువాకో, సిగ్గుకో గాని అతను చెమటతో తడిసిపోయాడు. కుళాయికి చామంతి దండ వేసి, కింద నన్ను పెట్టి, నాకు బొట్టు కూడా పెట్టారు. చప్పట్ల మధ్య హేమలత కుళాయి తిప్పింది. కుళాయి ఒకసారి దగ్గి, బుస్సుమని గాలి వదిలింది. దండలోని రేకులు ఎగిరి ఆమె చీర మీద పడ్డాయి. నీళ్లు మాత్రం రాలేదు.

"ఏంటిది?" అని ఆమె సన్యాసిరావు వైపు చూసింది. అతను శాలువా కుచ్చులు లెక్కపెట్టుకుంటున్నాడు.

వరహాలమ్మ ముందుకొచ్చింది. "మా అల్లుడు బావునేటీ అనకండి మేడమ్. నీల్లు ఇంతెత్తు ఎక్కవు. ఎక్కకపోతే ఆయనేటి సేత్తాడు?"

"మరి ఒక్కరైనా ఫోన్ చెయ్యలేదేమ్మా?"

"అల్లుడి మీద ఫోన్ ఎలగ సేత్తామమ్మా. మీరైతే సేత్తారేటి?"

హేమలత చీర మీది రేకులు దులుపుకుంటూ పకపకా నవ్వింది. పక్కనున్న ఇంజనీరుతో, "మనం ఇన్నాళ్లూ తప్పెవరిదని అడుగుతున్నాం. నీళ్లెన్నొస్తున్నాయని అడగలేదు," అంది. నన్ను ఎత్తి చూసింది. "నీళ్లొచ్చే రోజున ఈ బిందె నిండడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు వాయిల ఇడ్లీ దిగిపోతాది," అంది వరహాలమ్మ. వీధంతా నవ్వింది. సన్యాసిరావు కూడా నవ్వాడు.

ఆ వారం నుంచే లెక్క మారింది. వీధికొక బిందె, అన్నీ నా కొలతవే. అది నిండడానికి పట్టిన సమయం ఫోన్లో చెబితే చాలు. ఎవరి మీదా చాడీ కాదు గనక జనం సంతోషంగా చెప్పారు. పెద్ద మేడలున్న కాలనీవాళ్లు బిందెకు బదులు డ్రమ్ము పెట్టి సమయం చెప్పారట. హేమలత స్వయంగా వెళ్లి చూసేసరికి డ్రమ్ము దాచడానికి చోటు దొరకలేదట.

తెర మీద కొండవీధి పండుమిరపకాయలా ఎర్రబడింది. ఎర్రబడినందుకు మిఠాయి పంచుకున్న వీధిని నేను ఇదొక్కటే చూశాను. కౌన్సిల్ సమావేశంలో ఒకరిద్దరు గొణిగినా తెర చూశాక చేతులెత్తక తప్పలేదు. కొండ మీద కొత్త ట్యాంకు, అక్కడి నుంచి మా వీధికి పైపు మంజూరయ్యాయి.

ఎండలు ముదరకముందే పని పూర్తయింది. సన్యాసిరావు వాల్వు తిప్పాడు. నీళ్లు వచ్చిన జోరుకు నేను బోర్లాపడి దొర్లాను. పిల్లలు, ముసలివాళ్లు అందరూ తడిశారు. వరహాలమ్మ నన్ను పట్టుకొచ్చి మళ్లీ పెట్టింది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతోంది. చిట్లిన అంచు మీదుగా నీళ్లు పొంగి పొర్లుతుంటే నా ఆనందం చెప్పలేను.

అంతలో ఫోన్ మోగింది. అవతల హేమలత. "ఎంతసేపు పట్టిందమ్మా?"

వరహాలమ్మ నాలుక కరుచుకుంది. "సూడ్డం మర్సిపోనాం మేడమ్."

ఆ రోజు తెర మీద కొండవీధి గడి ఖాళీగా ఉంది. గుమాస్తా ఉజ్జాయింపుగా ఏదో ఒక అంకె వేద్దామన్నాడట. హేమలత వద్దంది. "చూసుకోవడం మరిచిపోయారయ్యా వాళ్లు. అంతకంటే మంచి లెక్క మనకేం కావాలి?"