మార్చురీ మెట్ల మీద కోడలు

నిద్రపోయిన తన పాప మళ్లీ లేవదేమోనన్నదే ఆయాకున్న అతి పెద్ద భయం. మార్చురీలో బల్లలు కడిగే పని ఆ భయాన్ని పోగొట్టలేదు సరికదా, పెంచింది. ఆ ఉదయం బల్ల మీదున్న మనిషి ముఖం తుడుస్తూ ఉలిక్కిపడింది. పడుచువాడు. బుగ్గలు ఇప్పుడే పరుగెత్తి వచ్చినట్టు ఎర్రగా ఉన్నాయి.

బయట అతని తల్లి గొంతు గోడలు దాటి వస్తోంది.

"అన్నం పెట్టింది ఇదే! నా కొడుక్కి ఏం కలిపి పెట్టావే, మాయలాడీ?"

మెట్ల మీద కోడలు, ఒళ్లో నెలల పిల్లాడు. తలెత్తలేదు. పోలీసాయన ఆమె మీంచి చూపు తిప్పడం లేదు.

డాక్టరు నెత్తురును సీసా అంచుదాకా పట్టి, గాలి చేరకుండా మూత బిగించి బయటికొచ్చాడు.

"బుగ్గల ఎరుపు చూస్తే ఇది పొగ పనిలా ఉంది. గదిలో కుంపటి ఉందా?"

పోలీసాయన పెదవి విరిచాడు. "కిటికీలు బార్లా తెరిచున్నాయి సార్. బూడిద కూడా లేదు."

"ఎందుకుంటుంది?" అంది తల్లి పక్కనే ఉన్న ఆడపడుచు. "మీరొస్తున్నారని కిటికీలు తీసి, ఇల్లు కడిగి, కుంపటి తోమి బోర్లించాం. నలుగురూ వచ్చే ఇల్లు, కంపుగా ఉంచుతామా?"

డాక్టరు నెత్తురు సీసాను పరీక్షకు పంపించాడు.

సాయంత్రానికి నెత్తురే చెప్పింది. చంపింది విషం కాదు, మూసిన గదిలో బొగ్గుల పొగ. పోలీసాయన జీపెక్కాడు. అత్తగారు మాత్రం తగ్గలేదు.

"మరి కుంపటి పెట్టిందెవరట?"

ఆయా కోడలి చేతికి నీళ్లందించింది. "నీ తప్పేం లేదటమ్మా."

"జ్వరంతో వణుకుతున్నాడక్కా. నేనే రాజేశా. తలుపు సందుల్లో గుడ్డలు కూడా కుక్కా. వీడు ఏడుస్తుంటే ఎత్తుకుని వసారాలోకొచ్చి పడుకున్నా."

ఆయాకు తన ఇల్లు గుర్తొచ్చింది. పాపకు చలి తగులుతుందని నిన్న తనూ అలాగే గుడ్డలు కుక్కింది. విషం పెట్టావంటే ఈ పిల్ల కాదనగలదు. దీన్ని ఏమని కాదంటుంది?

శవాన్ని వ్యానులోకి ఎక్కించారు. ఆడపడుచు తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టింది.

"నీకిక్కడ చోటు లేదు. మా ఇంటి గడపా తొక్కకు."

ఆయా బల్ల కడిగి వచ్చేసరికి మెట్ల మీద కోడలు లేదు. వీధి చివరిదాకా పరుగెత్తింది. ఎవరినడిగినా చూడలేదన్నారు.

చంకలో పసివాడితో, ఉత్త కాళ్లతో నడిచిపోతున్న మనిషి మీకెక్కడైనా ఎదురైతే ఆపండి. ఏమైనా తిన్నావా అని అడగండి. చెప్పులు మార్చురీ మెట్ల మీదే ఉన్నాయని, ఎవరూ తియ్యలేదని చెప్పండి.