నాలుగో వరుసలో రెండు గీతలు

శనివారం మధ్యాహ్నం వంటగది బల్ల మీద రేకు డబ్బా తెరిచి, సాయంత్రం డాన్సుకు అడుగులు రాసుకున్న కార్డులు ఏరుతున్నాను. తెల్లవారుజాము నుంచి వృద్ధాశ్రమం వంటింట్లో నిలబడి వచ్చాను. పాదాలు నావి కానట్టున్నాయి. పచ్చ మూల కార్డులు కొత్తవాళ్లున్నా సాగిపోయే డాన్సులు. ఎర్ర మూలవి అలవాటున్నవాళ్లకే. మేపుల్ పాకం మరక పడ్డది ఎప్పుడూ మొదట ఆడించేది.

"ఇవాళ ఒక్కటి నాతో ఆడు లోర్నా," అన్నాడు మా ఆయన ఎల్డెన్, కప్పులు కడుగుతూ.

మంగళవారం అతని మోకాలికి ఆపరేషన్. తర్వాత ఆడగలడో లేదో డాక్టరు తేల్చలేదు. పదకొండేళ్లుగా అతను కింద ఎవరితోనో ఆడుతుంటే, నేను వేదిక మీద మైకు ముందు అడుగులు చెబుతున్నాను.

"మరి అడుగులెవరు చెబుతారు? నీ మోకాలా?"

"నేను చెబుతాలే వదినా," అంది బల్లకవతల కూర్చున్న అతని చెల్లెలు కోరిన్. "కార్డు చూసి చదవడమేగా! నాకూ అక్షరాలొచ్చు."

సాయంత్రం విరామం అయ్యాక పచ్చ మూల కార్డొకటి ఆమె చేతిలో పెట్టి, కిందికి దిగి ఎల్డెన్ ఎదురుగా నిలబడ్డాను. ఫిడేలు అందుకుంది.

రెండేసి జంటలు ఎదురెదురుగా ఆడే డాన్సు. పాటకు నాలుగు ముక్కలు, కార్డుకు నాలుగు వరుసలు. మూడో వరుసలో ఎవరి జోడీతో వాళ్లు గిర్రున తిరగాలి. నాలుగో వరుస నేను రాయను. రెండు చిన్న గీతలు పెడతాను. నా లెక్కలో అది 'మామూలే' అని, అంటే ముందుకు నడిచి కొత్త జంటను కలవాలని. ఆ సంగతి కోరిన్‌కి చెప్పడం మరిచాను. ఆమె అందరిలాగే దాన్ని డిటో అనుకుంది.

"మళ్లీ మీ జోడీతోనే తిరగండి!" అంది మైకులో.

తిరిగాం. పాట మొదటికొచ్చింది. ఎదురుగా పాత జంటే.

"మళ్లీ నువ్వేనా తల్లీ? నా మొహం అంత నచ్చిందా?" అన్నాడు ఆ జంటలోని ముసలి వారెన్. వరుసంతా నవ్వులు.

దిద్దుదామని నోరు తెరిచాను.

"చెప్పకు," అన్నాడు ఎల్డెన్.

చెప్పలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత అతని అరచెయ్యి నా వీపు మీద ఉంది. ఒకరు చెబుతుంటే వినడం, తిరగడం, అంతే నా పని. మళ్లీ రెండుసార్లు తిరిగాం. ఆ రెండోసారి సగంలో అతని బరువు నా భుజం మీద పడింది. నవ్వుతూనే ఉన్నాడు కానీ పెదవులు తెల్లబడ్డాయి.

"ముందుకి దాటండి!" అని కింది నుంచే అరిచాను. హాలంతా ఒక్కసారిగా కదిలింది. మేమిద్దరం మాత్రం వరుసలోంచి తప్పుకుని గోడ పక్క బెంచీకి చేరాం.

"ఇంకో చుట్టు ఆగలేకపోయావూ?" అన్నాడు, మోకాలు పట్టుకుని.

"నోర్మూసుకుని కాలు చాపు," అన్నాను.

చాపాడు. నా పాదాలు కూడా పక్కనే చాపుకున్నాను. పాట అయ్యేదాకా కోరినే అడుగులు చెప్పింది.