మఖ్తాలో భూమేష్ పేరు

నా మొగుడు భూమేష్ ఆ రోజు తాగి లారీ నడపలేదు. ఈ మాట నేనంటే, పెళ్ళాం కాబట్టి అంటుంది అని కొట్టిపారేస్తారు. చూసిన మనిషి ఒక్కడే ఉన్నాడు, లారీల వెనకాల షాయిరీలు రాసి, బొమ్మలు వేసే బోధన్ పెయింటర్ ముజఫర్. ముప్కాల్ మలుపులో లారీ బోల్తా పడి భూమేష్ చనిపోయినప్పుడు క్యాబిన్‌లో పక్కన కూర్చున్నది అతనే. బ్రేకులు పడలేదనీ, భూమేష్ చివరిదాకా స్టీరింగ్ వదల్లేదనీ అతనికి తెలుసు. అతను కాలు విరిగి దవాఖానాలో పడి ఉండగానే లారీ ఓనర్ పోలీసులతో డ్రైవర్ తాగి ఉన్నాడని రాయించేశాడు. పెయింటింగ్ పని ఇచ్చేది కూడా ఆ ఓనరే కాబట్టి ముజఫర్ నోరు కుట్టేసుకున్నాడు. నేను అతన్ని తిట్టని తిట్టు లేదు.

ఇప్పుడా నింద నా కొడుకు రాజారాం మెడకు చుట్టుకుంది. హెవీ లైసెన్సు ఉంది, బండి మీద నిదానం ఉంది. అయినా ఎవరూ తాళంచెవి ఇవ్వరు. తాగుబోతోని కొడుకు గదా అంటారు.

ఫోర్ లైన్ హైవే వచ్చి పాత ఏడో నంబరు రోడ్డు ఖాళీ అయ్యింది. ఖాళీ అయ్యాక అందరికీ దాని మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. నిజామాబాద్‌లో ఆ రోడ్డు గురించే ముషాయిరా, అంటే ఉర్దూ కవుల సభ, పెడుతున్నారనీ, అందులో తనూ గజల్ చదువుతాననీ చెప్పడానికి ముజఫర్ కోటగిరిలో మా ఇంటికి వచ్చాడు.

"వదినా, ఓనర్ సచ్చిపోయిండు. ఇగ నాకు భయం లేదు. గజల్ ఆఖరి షేర్‌ల, గా రెండు లైన్లనే మఖ్తా అంటరు, కవి తన పేరు పెట్టుకుంటడు. నేను నా పేరు తీసేసి అన్న పేరు పెడ్త. అందరి ముంగట సాక్ష్యం చెప్త."

"పాటెందుకు? సీదా చెప్పరాదు?"

"మైకు పాటకే ఇస్తరు వదినా. సాక్ష్యానికి ఎవలిస్తరు?"

సరే అనుకుని రాజారాంను తీసుకుని వెళ్ళాను. ఫంక్షన్ హాలు నిండిపోయింది. రిటైరైన లెక్చరర్ ఒకాయన అమెరికాలో అరవై ఆరో నంబరు పాత రోడ్డు మీద కవులు ఎంత బెంగపడతారో చెప్పి, మనకు ఏడో నంబరు రోడ్డు అట్లాంటిదే అన్నాడు. ఆ అమెరికా రోడ్డు మీద ఎంతమంది చచ్చారో మాత్రం చెప్పలేదు.

ముజఫర్ రాగం తీశాడు. వేపచెట్ల నీడ, దాబా ముందు నులకమంచాలు, నాగపూర్ సంత్రాల లారీలు పోయాక గాలిలో మిగిలే వాసన. ప్రతి షేర్‌కీ "వాహ్ వా" అన్నారు, "ముకర్రర్" అని మళ్ళీ చెప్పించుకున్నారు. అబద్ధమెందుకు, నాకూ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ దాబాలలో భూమేష్ పక్కన కూర్చుని నేనూ తిన్నాను.

తర్వాత ముజఫర్ నా వైపు చూసి మఖ్తా అందుకున్నాడు. ఉర్దూలో ఉన్నదాని అర్థం ఇది: భూమేష్ ఆ రోజు చుక్క ముట్టలేదు, ఖుదా సాక్షి, పక్కనున్నవాణ్ణి చెబుతున్నాను, నమ్మండి.

హాలంతా గొల్లున నవ్వింది. మఖ్తాలో వచ్చేది కవి పేరే కదా! పెయింటర్ సాబ్ భూమేష్ అని కొత్త పేరు పెట్టుకుని, తాగలేదంటూ తన మీద తనే జోకు వేసుకుంటున్నాడనుకున్నారు. షాయర్ తాను తాగలేదంటే నవ్వడం వాళ్ళకు అలవాటు.

"ముకర్రర్! ముకర్రర్!"

"గది నా మొగని పేరు!" అని లేచి అరిచాను. చప్పట్లలో నా గొంతు నాకే వినపడలేదు. ముజఫర్ "నవ్వకుండ్రి భయ్, ఇది నిజం, కసమ్!" అని మైకులో బతిమాలాడు. దానికి ఇంకా నవ్వారు. నా పక్కాయన తొడ చరుచుకుంటూ, "ఏం యాక్టింగ్ జేస్తుండు!" అన్నాడు. ఎవరో వచ్చి ముజఫర్ మెడలో దండ వేశారు.

ఆ వీడియో ఫోన్లకెక్కింది. వైన్ షాపుల ముందు పోరగాళ్ళు గ్లాసులెత్తి, "భూమేష్ చుక్క ముట్టలే!" అని తాగుతున్నారట. వాళ్ళ నోళ్ళు పడిపోను! రాజారాం పని అడగడానికి బోధన్ పోతే, బండి యజమాని ఆ వీడియో పెట్టి, "మీ బాపు గిట్లనే ఉండెనా?" అని అడిగాడు. వాడు తిరిగొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టలేదు.

మర్నాడు ముజఫర్ వచ్చాడు. గడప దాటకుండా నిలబడి ఏడ్చాడు.

"పోలీస్ స్టేషన్‌కు నడువు వదినా. రాసిస్త."

"ఏమని రాసిస్తవ్?"

"అన్న చుక్క ముట్టలేదని."

లోపల మంచం మీద నా కొడుకు పగలబడి నవ్వాడు.