మండోలిన్ల ఫొటోలో మా నాన్న

గ్రంథాలయం నుంచి హెలెన్ అనే అమ్మాయి పాత ఫొటోలు కావాలని వచ్చినప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఇన్నేళ్లూ మా ఉక్రెయిన్ వాళ్ల వీధులకేసి తొంగి చూడని వినిపెగ్ పెద్దమనుషులకి ఇప్పుడు మా మీద ఇంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చింది? పెద్దవి చేసి గోడకి తగిలిస్తారట. తిరిగిస్తారా అని అడిగితే నవ్వింది. నవ్వేవాళ్లని నేను అసలు నమ్మను.

అయినా ఒప్పుకున్నాను, హాల్లో నాతో పాటు వంట చేసే పరాంకా కోసం.

మా ఉక్రెయిన్ కార్మికుల హాలు మండోలిన్ బృందం ఫొటో ఒకటుంది, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తీసింది. కుట్టుపూల చొక్కాలు తొడుక్కుని, ఒళ్లో మండోలిన్లు పెట్టుకుని మగవాళ్లంతా కూర్చున్నారు. ఇంటికో కాపీ ఇచ్చారు. యుద్ధం రాగానే కెనడా ప్రభుత్వం కమ్యూనిస్టుల అడ్డా అని హాలుకి తాళం వేసింది. పోలీసులు ఇల్లిల్లూ గాలించి, పరాంకా తండ్రి ప్రొకిప్‌తో సహా చాలామందిని నిర్బంధ శిబిరానికి పట్టుకుపోయారు. మనవాడే ఎవడో పేర్లు చెప్పాడని అప్పటి నుంచీ గుసగుసలు. మా నాన్న తిమ్కో జోలికి మాత్రం ఎవరూ రాలేదు. పోలీసు ఆఫీసరు మా ఇంటికొచ్చి, టీ తాగి వెళ్లిపోయాడు. నాన్న ధైర్యానికి జంకాడని అమ్మ చెప్పేది. నేనూ అదే చెప్పుకుంటూ పెరిగాను.

శిబిరం నుంచి అందరికన్నా ముందు బయటపడింది ప్రొకిప్. పైగా వాళ్లింటి కాపీలో అతని ముఖం సూదితో గీకేసి ఉండటం చిన్నప్పుడు నా కళ్లతో చూశాను. ఇంకేం కావాలి? హాలు వంటగదిలో బంగాళాదుంప కూరిన వరెనికీలు మడిచేటప్పుడల్లా నేను దెప్పకుండా వదిలేదాన్ని కాదు.

"తప్పు లేనివాడు మొహం ఎందుకు గీక్కుంటాడే, పరాంకా?"

ఆమె పిండి అంచుని ఇంకాస్త గట్టిగా నొక్కేది.

కాపీలన్నీ తెస్తే బాగున్నది ఎంచుకుంటానంది హెలెన్. నాకు కావలసిందీ అదే. గీకేసిన ప్రొకిప్ ముఖం పక్కన మా నాన్న ముఖం నలుగురూ చూడాలి. మా ఫొటో అద్దం తుడిచి మరీ తీసుకెళ్లాను.

హాల్లో బల్ల మీద ఒక్కొక్కటే పరుస్తున్నారు. పరాంకా ఫొటోలో ప్రొకిప్ ముఖం లేదు. ఆ బృందంలో వాయించిన ఒనూఫ్రీ తాత తెచ్చినదాంట్లో ఆయన ముఖమే లేదు, మండోలిన్ మాత్రం ఉంది. ఆ పక్కదాంట్లో ఆ ఇంటాయన ముఖం లేదు. పోలీసులు సోదాకి వస్తే దొరక్కూడదని ఎవరింట్లో వాళ్లు తమ మనిషిని గీకేశారు. సిగ్గుపడి ఒకరికొకరు చెప్పుకోలేదు. పక్కవాడి ముఖం మీద మాత్రం ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

"రెండిళ్ల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు, అందరం దొరికిపోయేవాళ్లం" అని ఒనూఫ్రీ తాత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. అందరూ నవ్వారు.

అప్పుడు నేను మాది పెట్టాను. అందులో అందరూ ఉన్నారు. మా నాన్న ముందు వరసలో, చొక్కా గుండీలతో సహా స్పష్టంగా ఉన్నాడు.

అందరూ బల్ల మీదికి వంగారు.

"తిమ్కోకి భయం వెయ్యలేదా, ఒరీస్యా?" అని అడిగాడు తాత. ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అడిగాడు.

నాన్న ధైర్యవంతుడని చెప్పబోయాను. అంతలో ఆ రోజు టీ తాగిన ఆఫీసరు గుర్తొచ్చాడు. తలుపు వెనక అరలో ఉండే చక్కెర డబ్బాని ఎవరినీ అడక్కుండా తనే చెయ్యి చాపి తీసుకున్నాడు. చిన్నపిల్లని, అప్పుడు నాకేమీ అనిపించలేదు. అతను మా ఇంటికి రావడం అది మొదటిసారి కాదని ఇప్పుడు తట్టింది.

హెలెన్ మాత్రం మురిసిపోయింది. గోడకెక్కేది ఇదేనంది. ఫొటో ఎవరింటిదని కింద రాయమంటారని కలం తీసింది.

నా చెయ్యి జుట్టులోని పిన్ను మీదికి వెళ్లింది. ఫొటోని ఫ్రేములోంచి తీసి నాన్న ముఖం గీకెయ్యడం ఎంతసేపు? పరాంకా నా మణికట్టు పట్టుకుంది.

"వద్దే" అంది మెల్లగా. "తప్పు లేనివాడు మొహం ఎందుకు గీక్కుంటాడు?"

హెలెన్ ఎదురుచూస్తోంది. నేను మా నాన్న పేరు చెప్పాను.