బోసి గడప

పసుపు పూయాల్సిన గడపకు డబ్బాలోంచి పసుపు రంగు తీసి వేస్తే, లక్ష్మీదేవి దాన్ని గడపగానే చూస్తుందా? తిప్పేస్వామికి ఈ అనుమానం ఇరవై ఏళ్లుగా ఉంది. ఒకసారి గుళ్లో అడిగితే అయ్యవారు నవ్వి హారతి పళ్లెం ముందుకు జరిపాడు. అది అవుననో కాదనో తేలలేదు. తేలకుండానే తిప్పేస్వామి బెళుగుప్ప చుట్టుపక్కల ఊళ్లలో కొన్ని వందల గడపలకు పసుపు పెయింటు వేసి, మీద ఎర్ర చుక్కలు పెట్టాడు. ప్రతి శుక్రవారం వంగి పసుపు రాసుకునే పని తప్పిందని ఆడవాళ్లు సంతోషించారు.

ఇప్పుడు వాటినే గోకుతున్నాడు.

తిరుపాలమ్మ ఇంటి ముందు మోకాళ్ల మీద కూర్చుని, గడప మీద నీళ్లు చిమ్మి, రేకుతో నెమ్మదిగా గీస్తున్నాడు. తడిసిన రంగు తొక్కలు తొక్కలుగా లేచి కింద పరిచిన ప్లాస్టిక్ పట్ట మీద పడుతోంది. ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు, ఒంటికి కాగితంలా చప్పుడు చేసే తెల్ల బట్టలు. పొడిగా గోకకూడదని సర్కారు వాళ్లు మూడు రోజులు నేర్పించారు. ముప్పై ఏళ్లు అతను ఉప్పుకాగితంతో పొడిగానే రుద్దాడు. మీసాల నిండా రంగు దుమ్ముతో, అదే చేత్తో బీడీ చుట్టుకున్నాడు.

రంగులో సీసం ఉందట. అది పిల్లల రక్తంలో కలుస్తుందట. తిరుపాలమ్మ మనవడు శశికి రెండున్నరేళ్లు. పళ్లొచ్చే వయసులో ఈ గడపనే పట్టుకుని కొరికేవాడు. కడుపు నొప్పని తీసుకెళ్తే రక్తంలో అది బయటపడింది. వారం నుంచి తల్లి ఈశ్వరితో అనంతపురం ఆసుపత్రిలో ఉన్నాడు. రేపు పొద్దున బస్సుకు వస్తారు. ఇల్లు శుభ్రమైందని ఆరోగ్యశాఖ నుంచి వచ్చిన సరళ సంతకం పెడితేనే వాణ్ని ఇంట్లోకి తేవాలి.

అంతా వింటున్నాడు గానీ తిప్పేస్వామికి బుర్రకెక్కడం లేదు. అంగట్లో వరసగా పేర్చి అమ్మిన డబ్బాలే కదా. చెడ్డదైతే అంగట్లో ఎట్లా పెడతారు? ఈ ఇంటికి రంగు వేసింది తనే. మరి పిల్లాడి కడుపులోకి పోయింది ఎవరి తప్పు?

మధ్యాహ్నం వెనక వీధి బోరింగు దగ్గర నీళ్లు తాగి వచ్చేసరికి పట్ట ఖాళీగా ఉంది.

"అక్కా, ఈడ గోకిందంతా యాడ పోయింది?"

తిరుపాలమ్మ తులసికోట దగ్గర మన్ను సర్దుతోంది. "యాడికీ పోలా. లక్ష్మి ఉండే గడప అది. దాని మీదిది సంచిలో కట్టి పారేస్తారా? బుద్ధుండాదా మీకు? తులసమ్మ మొదట్లో ఏసినా. ఎవురి కాలూ పడదు."

అరుగు మీద కూర్చుని రాసుకుంటున్న సరళ చేతిలోని కాగితాలు కింద పెట్టింది. "పెద్దమ్మా, శశికి రోజూ పొద్దున ఆ ఆకే కదా నీళ్లల్లో ఏసి తాపేది?"

"ఆ. దగ్గు రాదు."

"ఆ మన్ను తీసెయ్యాల. చెట్టు కూడా."

"తులసిని పెరుకుతావా? ముందు నన్ను పెరుకు!"

సరళ ఓపిగ్గా చెప్పింది. సీసం మట్టిలో కలిస్తే పోదని చెప్పింది. ఫోనులో బొమ్మలు చూపించింది. తిరుపాలమ్మ ఫోను వైపు చూడలేదు.

"పద్నాలుగేండ్లు ఆ గడప దాటుకునే పోతాండాము, వస్తాండాము. మాకేమైంది?"

"మీరు కొరకలేదు కదమ్మా!"

"నాకు పండ్లు యాడుండాయి కొరకను?"

సరళకు నవ్వు రాలేదు. "చెట్టు ఇట్లే ఉంటే నేను సంతకం పెట్టను. పిల్లోడు రేపు ఇంటికి రాడు."

తిరుపాలమ్మ తులసికోట ముందు నుంచి కదల్లేదు. ఇద్దరూ తిప్పేస్వామి వైపు చూశారు. అతను ముక్కుగుడ్డ కిందికి లాగాడు.

"అక్కా, అది పసుపు కాదు. డబ్బా మూత తీసింది నేను. కిరసనాయిలు పోసి పుల్లతో కలిపింది నేను. గబ్బు వాసన. దాంట్లో ఏ లక్ష్మీ లేదు."

అనేశాడు. ఆ సంగతి తనకెవరు చెప్పారు? ఆ రంగు మీదే ఎంతమంది పూలు పెట్టి దండం పెట్టుకోలేదు? అన్ని దండాలకు ఆ తల్లి రాకుండా ఉంటుందా? ఏమో.

"తప్పైతే పాపం నాది. నీకు అంటదు."

తిరుపాలమ్మ అతని వైపు తిరిగింది. "ఏసినోడివీ నువ్వే, లేదనేదీ నువ్వే. ఇన్నేండ్లు నాతో దేనికి మొక్కిచ్చినావప్పా?"

ఆమె తులసికి చివరిసారి దీపం పెట్టి, కళ్లకద్దుకుని, పక్కకు జరిగింది. తిప్పేస్వామి మూరెడు లోతు మన్ను తవ్వి, రంగు తొక్కలతో, చెట్టుతో సహా మందపాటి సంచిలో వేసి మూతి కట్టాడు.

పొద్దు వాలేసరికి గడప పూర్తిగా తేలింది. వేపచెక్క. పద్నాలుగేళ్లుగా ఎవరూ చూడని ఆ చెక్క మీద వడ్రంగి బాడిస దెబ్బలు ఇంకా కనిపిస్తున్నాయి. సరళ తడిగుడ్డతో తుడిచి చూసి, సంతకం పెట్టింది. తర్వాత గొంతు తగ్గించింది.

"అన్నా, పోయిన వారం తీసిన నీ రక్తం రిపోర్టు వచ్చింది. పిల్లోని కన్నా నీకే ఎక్కువుండాది. రేపట్నుంచి ఈ పనికి రావద్దు. ఇప్పుడే జీపులో ఆసుపత్రికి పోదాం."

అతను తన కుడిచేయి ముందుకు చాపి చూసుకున్నాడు. ఆరు నెలలుగా మణికట్టు సరిగా పైకి లేవడం లేదు. వయసనుకున్నాడు.

"నేనేసినవి ఇంకా శానా ఉండాయి గదమ్మా."

"వేరేవాళ్లు తీస్తారులే."

అతను మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వచ్చాడు.

"అక్కా, పసుపుండాదా? పాకెట్టుది వద్దు."

"కొమ్ములు దంచిందే ఉండాది. ఏంటికి?"

"రంగేసే ముందు మూడు వేళ్లతో పసుపు పూసి, ఆమీటనే రంగెయ్యాల. మా పనోళ్ల పద్ధతి అది. ఆ పొద్దు ఇంకా ఐదిండ్లు ఉండాయని పూయకుండానే ఏసేసినా. నువ్వు వంటింట్లో ఉండావు, చూడలా. నీ గడపకు బాకీ ఉండా."

"పద్నాలుగేండ్లా? దొంగోడా!" తిరుపాలమ్మ ఆ రోజు మొదటిసారి నవ్వింది. పసుపు తడిపి స్టీలు గిన్నెలో తెచ్చింది. ఆమె మోకాళ్లు వంగవు. నిలబడే గిన్నె అందించింది.

అతను ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని, మూడు వేళ్లు గడప ఈ చివర నుంచి ఆ చివర దాకా లాగాడు. ఒక్కచోట గీత వంకర పోయింది. దిద్దలేదు. వీధిలో జీపు హారను మోగింది. అతను లేచి, గడపకు దండం పెట్టి, వెళ్లి జీపు ఎక్కాడు.

గడప పక్కన గిన్నె అట్లాగే ఉండిపోయింది, అడుగున తడి పసుపులో మూడు వేళ్ల జాడలతో.