తాళానికి నూనె

శుక్రవారం ఇత్తడి సామాను తోమి, దేవుడి పటాలు తుడిచాక, తుపాకీ తాళానికి కొబ్బరినూనె రాయడం నా పని. బర్మాలో ఈ యాంగాన్ వానలు పోతూ పోతూ కూడా ఇనుమన్నదాన్ని వదలవు, ఇట్టే తుప్పు పట్టిస్తాయి. దూది చివర నూనెలో ముంచి, తాళంచెవి దూరే సన్నని బెజ్జంలో ఒక్క చుక్క వేసి, ఎర్రటి రబ్బరు అంచుల చుట్టూ తుడుస్తాను. తుపాకీని మాత్రం ముట్టుకోకూడదు. అది మా ఆయన సూర్యది. తాళం నాది అనుకునేదాన్ని. నేను అడిగితేనే కదా కొన్నాడు.

ఇవాళ నూనె చేతులతోనే ఫోను తీశాను. ఆన్‌లైన్లో ఆ తాళం అమ్మిన మ సాండా అనే ఆవిడ నుంచి మెసేజ్. "అసిన్‌ప్యేలా, మ పద్మినీ" అని పలకరించింది. అంతా సజావుగా ఉందా అని ఈ ఊళ్ళో ఎవరు ఎదురైనా అడిగే మాటే, ఆడవాళ్ళ పేరు ముందు 'మ' మర్యాదకి. కొన్నవాళ్ళందరినీ అడుగుతోందట, తాళం ఎంతవరకు ఉపయోగపడిందో నాలుగు మాటలు రాసి పెట్టమంది. పక్కన నవ్వుతున్న పువ్వు బొమ్మ.

ఆ పువ్వును చూస్తే నాకూ నవ్వొచ్చింది. చిన్న చిన్న వాటికి పొంగిపోతానని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. నిజమే. ఈ తాళం పార్సిల్ వచ్చిన రోజున ఎంత సంబరపడ్డానో. తుపాకీ నాకంటే ముందే ఈ ఇంటికి వచ్చింది. వీధి చివర బంగారం కొట్టులో దొంగలు పడ్డాక తెలిసినవాళ్ళని పట్టుకుని లైసెన్సు తెచ్చుకున్నాడట. తామ్వేలో కింద మా పప్పుల దుకాణం, మేడ మీద కాపురం. కొత్తగా వచ్చిన రోజుల్లో బీరువాలో నా పట్టుచీరల పక్కన దాన్ని చూసి తలుపు మూసేశాను. తాళమైనా పెట్టకూడదా అని అడిగాను. సూర్య నా బుగ్గ గిల్లి, ఫోను నా చేతికిచ్చి, రంగు నన్నే ఎంచుకోమన్నాడు. పార్సిల్లో వచ్చిన బుడగల కవరును ఇద్దరం నేల మీద కూర్చుని పోటీలుపడి చిట్లించాం. తాళమంటే రెండు చిప్పలు. ట్రిగ్గర్‌కి అటొకటి ఇటొకటి పెట్టి నొక్కితే కరుచుకుంటాయి, ఇక వేలు దూరదు. "నీ కోసమే పద్దూ. మరి బయపడవు కదేటి" అన్నాడు. ఆ మర్నాడు టీ కొట్టులో మొహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, తింటూ, తన గిన్నెలోని సొరకాయ బజ్జీ తీసి నా గిన్నెలో వేశాడు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను. ఊరికి ఆ చివర తాకేటాలో ఉన్న అమ్మకి ఫోను చేసి చెప్పాను కూడా. "పెల్లాం మాటకి తాలం కొన్నాడంటే బంగారంలాంటోడే" అంది.

ఉపయోగపడిందా అంటే, ఫిజిక్స్ చదివినదాన్ని, సరిగ్గా ఆలోచించి చెప్పాలి. తాళంతో పాటు ఒక కాగితం వచ్చింది. తూటాలున్న తుపాకీకి దీన్ని బిగించవద్దు, బిగించినా పేలవచ్చు అని దాని మీదే రాసి ఉంది. చదివి వినిపిస్తే, "కాలీ తుపాకీకి తాలమెందుకే" అని సూర్య పగలబడి నవ్వాడు. తూటాలు తియ్యలేదు. తాళంచెవులు రెండు. ఒకటి అతని మొలతాడుకి. రెండోది నాకిస్తాడేమోనని చెయ్యి చాపితే, మా అత్తగారు కనకరత్నం గారు తీసుకెళ్ళి కుంకుమ బరిణెలో పెట్టుకున్నారు. కొత్త కోడలికి తాళాలెందుకన్నారు. పగలు దుకాణంలో ఉన్నప్పుడు తాళం తీసేసే ఉంచుతాడు, దొంగ వస్తే తాళంచెవి వెతుక్కుంటూ కూర్చోలేనంటాడు. మేడ మీదకి వచ్చినప్పుడు తాళం వేసి బీరువాలో పెడతాడు. అంటే దొంగలు వచ్చే చోట తాళం ఉండదు. ఇంట్లో ఉంటుంది. ఇంట్లో ఉండేది అత్తగారు, అతను, నేను.

దసరాకి ఆయుధపూజ చేశాం. మా వాళ్ళు తెలుగు నేల వదిలి వచ్చి ఇక్కడి ఓడరేవులో మూటలు మోసిన రోజుల నుంచీ ఆ పూజ తప్పించలేదట. అప్పుడు మూటలెత్తే కొక్కేలు పెట్టేవారు, ఇప్పుడు తక్కెడ, తూకం రాళ్ళు, కాలిక్యులేటరు. వాటి మధ్యన తుపాకీ. కట్టేసిన ఆయుధానికి బొట్టు పెట్టకూడదని అత్తగారు తాళం తీయించారు. ఆ ఒక్క రోజు ముట్టుకోవచ్చని, తుపాకీ మీద నేనే పసుపు రాశాను, నేనే బంతిపువ్వు పెట్టాను. అందంగానే ఉంది, నిజం చెప్పాలంటే. దశమి నాడు చుట్టాలంతా భోజనాలకి కూర్చున్నారు. పులిహోరలో ఉప్పు తగ్గింది. సూర్య లేచి, పసుపు తుపాకీని తీసి, నా నుదుటికి ఎదురుగా పెట్టి, "మరి దీనికేటి సిచ్చ" అని అందరినీ అడిగి ట్రిగ్గర్ నొక్కాడు. టక్‌మంది. పూజ కోసం తూటాలు తీసి పెట్టానని ఆ తరవాత చెప్పాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే లోపలికి వెళ్ళి, ఉప్పు డబ్బా తెచ్చి అందరికీ వడ్డించాను.

"మగోడు ఆటకన్నాడే. తాలం ఉంది కదేటి, బయమెందుకు" అన్నారు అత్తగారు. అప్పటినుంచి నేను ఏం చెప్పబోయినా ఆవిడ జవాబు అదే. అమ్మకి చెబితే అమ్మా అదే అంది.

తాళం ఉంది. అందుకే దాని చప్పుడు కూడా ఉంది. టీ ఆలస్యమైతే సూర్య కేకలు వెయ్యడు. మొలతాడుని వేలితో తడుముకుంటాడు. దుకాణంలో పప్పుల్లో రాళ్ళు ఏరే మనిషిని నేను రాగానే మానిపించేశారు, ఆ చేటలు నాకే వస్తాయి. ఒక పూట నడుము నొప్పని పడుకుంటే, బీరువా దగ్గర నిలబడి తాళం తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు. టిక్. టిక్. నేను లేచి చేట ముందు కూర్చున్నాను. అతను తిట్టలేదు, కొట్టలేదు. అతను ఏమన్నాడని ఎవరికి చెప్పుకోను? ఆ సాయంత్రం మల్లెపూలు తెచ్చి తనే తలలో పెట్టాడు. పిచ్చిదాన్ని, అద్దంలో చూసుకుని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం తలచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ భయమేస్తోంది.

బుధవారం మధ్యాహ్నం, అన్నం వడ్డిస్తూ, తాకేటాలో ట్యూషన్ సెంటర్ వాళ్ళు ఫిజిక్స్ చెప్పడానికి రమ్మన్నారని చెప్పాను. అమ్మ దగ్గర ఉండి కొన్నాళ్ళు చెప్పొస్తానన్నాను. కందిపప్పు వాసనకి నాకు ఆకలేస్తోంది కూడా, అంత మామూలుగా అడిగాను. సూర్య పైకి లేచి బీరువా తీశాడు. మొలతాడు ముడి విప్పి, తాళం తీసి, రెండు ఎర్ర చిప్పల్నీ కంచానికి ఆ పక్కా ఈ పక్కా పెట్టాడు. తుపాకీని నీళ్ళ గ్లాసు దగ్గర పెట్టాడు. చేతులు కడుక్కుని వచ్చి పప్పన్నం కలుపుకున్నాడు.

"ఎల్లు. నానేటైనా అన్నానా" అన్నాడు.

అత్తగారు అప్పడం విరిచి అతని కంచంలో వేశారు. నేను నెయ్యి వడ్డించాను. ఒక్క చుక్క తుపాకీ మీద పడకుండా, గరిటె కంచానికి ఆనించి వడ్డించాను. ఇక బతికినన్నాళ్ళూ ఇలాగే నెయ్యి వడ్డించాలి కాబోలు అనిపించింది.

నిన్న అమ్మకి మళ్ళీ ఫోను చేశాను. ఈసారి కంచం సంగతి చెప్పాను, వచ్చేస్తానన్నాను. అమ్మ మళ్ళీ తాళం ఉంది కదా అంటుందనుకున్నాను. "మన తలుపుకి గడియ లేదే, తాడే కదా" అంది.

రావద్దని అనలేదు.

అత్తగారు కునుకు తీస్తున్నారు. సూర్య కింద దుకాణంలో ఉన్నాడు, తుపాకీ అతనితోనే ఉంది. తాళం నా ఒళ్ళో నూనెతో మెరుస్తోంది. శుక్రవారం పూజకి పూలు తేవడానికి వెనక మెట్ల మీదుగా వెళితే ఎవరూ ఎక్కడికని అడగరు. పూలసంచి అడుగున డిగ్రీ కాగితం, ఒక చీర పెట్టుకున్నాను. చేతులు చీర కొంగుకి తుడుచుకుని మ సాండాకి రాశాను.

"తాళం మంచిదే. తుప్పు పట్టలేదు, పట్టు గట్టిది. తాళంచెవి ఉన్నవాళ్ళకి చాలా ఉపయోగపడుతోంది. మీ దగ్గర తలుపుకి లోపలి నుంచి వేసుకునే గడియ ఉందా? లావుపాటిది కావాలి. పాత అడ్రసుకి పంపొద్దు. తాకేటాకి, మా అమ్మ చిలకమ్మ పేరున పంపండి. అందుకోవడానికి నేను అక్కడే ఉంటాను."