నిద్రపోలేదు

శవాన్ని బయటికి తీయకముందే మేనేజరు బండి కడిగించాడు. కడిగింది నేనే. మా వ్యాన్ల ఫ్యాక్టరీ టెస్ట్ ట్రాక్ చివర గోడకు గుద్దుకున్న వ్యానులో మా డ్రైవరన్న కుడికాలు ఇంకా బ్రేకు మీదే ఉంది. "నిద్రపోయాడని రాయండి" అన్నాడు మేనేజరు. క్యాంటీన్లో గిన్నెలు తోముతున్న ఆయన భార్యను, మా వదినను పిలిపించి, సబ్బు చేతులతోనే ఆ కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

మర్నాడు భోజనాల వేళ కళ్ళజోడక్క మా మధ్యకొచ్చింది. పై అంతస్తులో వ్యాన్లకు ప్రోగ్రాములు ఎక్కించే మనిషి.

"బ్రేకు ప్రోగ్రాం కంపెనీ సొత్తు కాదు. ఎక్కడెక్కడివాళ్ళో రాసి అందరికీ ఊరికే ఇచ్చారు. బండి కొన్నవాళ్ళకు ప్రోగ్రాం లోపలి రాత చూపించాలి, అదొక్కటే షరతు. వీళ్ళు దాచేశారు. అందులో తప్పుందని రెండు నెలల కిందటే తెలిసింది. రాసినవాళ్ళు సరిదిద్దారు కూడా. అది ఎక్కించాలంటే నాలుగు రోజులు ఫ్యాక్టరీ ఆపాలి. ఆపమన్నాను. నోర్మూసుకోమన్నారు. మూసుకున్నాను."

వెల్డరు బాబాయి పళ్ళెం విసిరికొట్టాడు. "మరిప్పుడెందుకొచ్చావమ్మా, ఏడవడానికా?"

"అంతా బయటపెట్టడానికి. నా పేరుతో."

వాళ్ళ పనిలో ఒక పద్ధతుందట. ప్రోగ్రాం రాతలో ఏ వరుస ఎవరు చేర్చారో దాని పక్కనే వాళ్ళ పేరుంటుంది.

"నీ పేరొక్కటే ఉంటే నిన్నొక్కదాన్నే ఈడ్చుకుపోతారక్కా" అంది వదిన. "వరుసకొకరి పేరు పెట్టు. మొదటిది నాకివ్వు."

నూట పన్నెండు మందిమి ఆమె కంప్యూటరు ముందు నిలబడ్డాం. బాబాయి వేళ్ళు రెండు ఎప్పుడో ప్రెస్సు మింగేసింది. మిగిలినవాటితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టాడు. ఆ రాత్రే అక్క ఆ రాతంతా, దాచిన తప్పుతో సహా, మా పేర్లతో ఇంటర్నెట్లో అందరికీ కనబడేలా పెట్టేసింది.

పొద్దున్నే పోలీసులు దిగారు. అక్కను జుట్టు పట్టి గేటు దాకా లాక్కొచ్చారు. ఆమె కళ్ళజోడు బూటు కింద నలిగింది. ఇన్‌స్పెక్టరు కాగితం తీసి మొదటి పేరు చదివాడు. ఎవరూ కదల్లేదు.

"ఎవడ్రా వాడు? బయటికి రా!"

వదిన ముందుకొచ్చింది. "మా ఆయన. మార్చురీలో ఉన్నాడు. ముందాయన్ని అరెస్టు చెయ్యండి. పేరు కింద ఏం రాశానో అది కూడా చదవండి."

అతను చదవలేదు. లాగి కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. ఆ నెత్తురు నోటితోనే, రాసింది తనే పైకి చెప్పింది: "నేను నిద్రపోలేదు. బ్రేకు తొక్కాను."

మిగతా పేర్లు చదవాల్సిన పని లేకపోయింది. అందరం ముందుకొచ్చాం. లాఠీలు విరిగేదాకా కొట్టారు.

మమ్మల్ని ఎక్కించడానికి తెచ్చిన వ్యాన్లు మేం చేసినవే. పోలీసు డ్రైవరు తాళం పెట్టబోయి ఆగాడు.

"అక్కా, దీనికీ అదే ప్రోగ్రామా?"

"అదే."

అతను దిగిపోయాడు. ఇన్‌స్పెక్టరు ఎన్ని బూతులు తిట్టినా మళ్ళీ ఎక్కలేదు. చేసేది లేక మమ్మల్ని నడిపించారు. వదిన ముందు, ఆమె వెనక మేము, రోడ్డంతా మేమే. స్టేషను చేరేసరికి నాలుగొందల మందిమయ్యాం.